నాన్న నేవీలో బాక్సర్. ఇప్పటి మతిమరుపు, మాట తడబాటు ఆ దెబ్బల వల్లేనా?

గాజువాక_అమ్మాయి:

మా నాన్నకి 71 ఏళ్లు. నేవీలో చేరిన కొత్తలోనే బాక్సింగ్ టీమ్‌లోకి తీసుకున్నారట. ఆయన ఆడినదంతా 1984కి ముందే, అంటే బౌట్లలో తలకి పెట్టుకునే మెత్తటి హెడ్‌గార్డ్ తప్పనిసరి కాని కాలం. ఒక్కసారి కూడా నాకౌట్ అవలేదని ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతారు.

రెండేళ్లుగా మాట ముద్దగా వస్తోంది. ఫోన్‌లో విని మా అత్తగారు "మీ నాన్నగారు మందు అలవాటు చేసుకున్నారా?" అని అడిగేశారు. ఆయన జన్మలో ముట్టలేదు. నడిచేటప్పుడు కుడిచెయ్యి ఊగడం లేదు. పెన్షన్ కాగితాలు ఎక్కడో పెట్టి మర్చిపోతారు, అమ్మే దాచేసిందని గొడవ. మా ఇంట్లో అరిచే మనిషి ఎప్పుడూ అమ్మే, నాన్న కాదు. అందుకే ఇది మాకు కొత్త. నిద్రలో గుద్దులు కూడా విసురుతున్నారు. మొన్న అమ్మ చెంప మీద ఒకటి పడి కమిలిపోయింది. "కలలో ఇంకా బౌట్ ఆడుతున్నారే మీ నాన్న" అని అమ్మ నవ్వేస్తోంది.

మేము చూపించిన డాక్టర్ "వయసు" అని విటమిన్ బిళ్లలు రాసిచ్చారు. బాక్సింగ్ సంగతి చెప్పబోతే వినలేదు.

అమెచ్యూర్‌గా, అంటే డబ్బు కోసం కాకుండా ఆడినవాళ్లకి కూడా ఇలా అవుతుందా? నాకౌట్ అవని మనిషికి మెదడు దెబ్బతింటుందా? ఇంకో టెన్షన్ కూడా ఉంది. అన్నయ్య కొడుక్కి పదమూడేళ్లు. నిఖత్ జరీన్ ప్రపంచ ఛాంపియన్ అయినప్పటి నుంచి వాడికి బాక్సింగే లోకం. వాడు గుద్దడం ప్రాక్టీస్ చెయ్యడానికి నాన్నే చేతులకి ప్యాడ్స్ పట్టుకుంటున్నారు.

పాత_సర్వీసెస్_కోచ్:

అమ్మా, మీ నాన్నగారు నాకు సీనియర్ అయి ఉంటారు. ముందు ఆ నాకౌట్ లెక్క పక్కన పెట్టండి. పడిపోయినవాడికి ఆ రోజుకి ఆట అయిపోయినట్టే, ఇంక దెబ్బ తగలదు. ఎంత కొట్టినా పడడు అని పేరున్నవాడే చివరి గంట దాకా తింటాడు. అలాంటివాడంటే మాకు, అంటే కోచ్‌లకి, మహా ముద్దు. వాణ్ణే అందరితోనూ స్పారింగ్‌కి, అంటే ప్రాక్టీస్ ఫైట్‌కి, దింపేవాళ్లం.

అసలు లెక్క స్పారింగ్‌ది. బౌట్ ఏడాదికి ఏ కొన్నో. క్యాంపు పడితే స్పారింగ్ దాదాపు రోజూ ఉండేది. తన బరువువాడు దొరక్కపోతే రెండు కేటగిరీల పైవాడితో కూడా. తల దిమ్మెక్కిందని చెప్తే మొహం మీద నీళ్లు కొట్టి మళ్లీ లోపలికి పంపేవారు. చెప్పినవాణ్ణి పిరికివాడనేవారు కాబట్టి ఎవడూ చెప్పేవాడు కాదు. ఇవేవీ ఏ పుస్తకంలోనూ ఎక్కవు.

మహమ్మద్ అలీనే చూడండి. రికార్డులో 61 ప్రొఫెషనల్ ఫైట్లు. జిమ్‌లో స్పారింగ్ వాళ్లకి ఒళ్లు అప్పగించి కొట్టించుకునే అలవాటు ఆయనకి. ఆ దెబ్బల లెక్క ఏ రికార్డులోనూ లేదు. 1981లో ఆఖరి ఫైట్, 1984లో పార్కిన్సన్స్, అంటే వణుకుడు జబ్బు, అన్నారు. అది దెబ్బల వల్లా, ఎలాగూ వచ్చేదా అన్న వాదన ఆయన 2016లో పోయాక కూడా తెగలేదు.

హెడ్‌గార్డ్ లేదని మరీ బాధపడకండి. అది కనుబొమ్మ చిట్లకుండా కాపాడుతుంది. పుర్రె లోపల మెదడు కదిలిపోవడాన్ని ఆపలేదు. మగవాళ్లకి 2013లో తీసేశారు కూడా. రియో ఒలింపిక్స్‌లో మగవాళ్లు అది లేకుండానే ఆడారు.

ఫైట్_నైట్_సూరి:

కోచ్ గారు భయపెడుతున్నారు. దెబ్బల వల్ల మెదడు పాడయ్యే ఈ జబ్బు ప్రధానంగా ప్రొఫెషనల్స్‌ది సార్. బ్రిటన్‌లో రాబర్ట్స్ అనే డాక్టర్ 224 మంది మాజీ ప్రొఫెషనల్ బాక్సర్లని పరీక్షించి 1969లో రిపోర్ట్ ఇచ్చాడు. వాళ్లలో 37 మందికి, అంటే నూటికి 17 మందికి, మెదడు దెబ్బతిన్న లక్షణాలు కనిపించాయి. అది కూడా 1929 నుంచి 1955 మధ్య లైసెన్స్ తీసుకున్నవాళ్లలో. అమెచ్యూర్ల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక సమీక్ష వచ్చింది, వాళ్లకి మెదడు శాశ్వతంగా దెబ్బతింటుందనడానికి గట్టి ఆధారం లేదంది.

నిజంగా భయపడాల్సిన కథ క్వారీ అన్నదమ్ములది. 1970లో అట్లాంటాలో అలీ తిరిగి రింగ్‌లోకి వచ్చినప్పుడు ఎదురుగా ఉన్నది జెర్రీ క్వారీ. 1992లో, నలభై దాటి, మెదడు అప్పటికే దెబ్బతిన్నాక, లైసెన్స్ అడిగే కమిషన్ లేని కొలరాడోకి వెళ్లి ఇంకో ఫైట్ చేశాడు. ముట్టింది 1,050 డాలర్లు. తర్వాత బట్టలు కూడా ఎవరో తొడగాల్సి వచ్చింది. 1999లో 53 ఏళ్లకే పోయాడు. తమ్ముడు మైక్ కూడా బాక్సరే, అదే జబ్బుతో 2006లో 55 ఏళ్లకి పోయాడు.

నరాల_డాక్టర్:

ఫోరమ్‌లో చదివి జబ్బు పేరు నేను చెప్పను. కానీ గాజువాక గారు, మీరు రాసినవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది మీ అమ్మగారు నవ్వేస్తున్న విషయమే. కల వచ్చేటప్పుడు మామూలుగా ఒళ్లు కదలకుండా మెదడే ఆపుతుంది. ఆ అదుపు పోతే మనిషి కలలో చేసేది మంచం మీద నిజంగా చేస్తాడు. బాక్సింగ్ గ్లోవ్స్ ఎన్నడూ తొడగని గుమస్తాలు కూడా ఇలా గుద్దుతారు, తంతారు. పార్కిన్సన్స్, లూయీ బాడీ డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు బయటపడడానికి కొన్నేళ్ల ముందే ఇది మొదలవ్వచ్చు. కుడిచెయ్యి ఊగకపోవడం కూడా అటే చూపిస్తోంది. నిద్రలో చేసేదాన్ని ఫోన్‌లో వీడియో తీసి న్యూరాలజిస్ట్‌కి చూపించండి. కోపం తగ్గడానికని ఎవరైనా హాలోపెరిడాల్ లాంటి మందులు రాస్తే, మొదలుపెట్టే ముందు ఈ సంగతి తప్పకుండా చెప్పండి. లూయీ బాడీ జబ్బు ఉన్నవాళ్లకి అవి బాగా వికటిస్తాయి.

ఇక దెబ్బల సంగతి. 1928లో అమెరికాలో మార్ట్‌లాండ్ అనే డాక్టర్ బాక్సర్లలో ఈ తడబాటు గురించి రాసిన నాటి నుంచీ వైద్యులకి ఇది తెలుసు. ఇప్పుడు సీటీఈ అంటున్నారు. టావు అనే ప్రొటీన్ మెదడు మడతల లోతుల్లో, సన్నటి రక్తనాళాల చుట్టూ పేరుకుంటుంది. దాన్ని ఖాయంగా తేల్చేది మనిషి పోయాక మెదడు కోసి చూసినప్పుడే. కాబట్టి "సీటీఈ టెస్ట్ చేస్తాం" అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఎమ్మారైలో మెదడు మధ్య పొరల్లో ఖాళీ కనబడొచ్చు. అది బాక్సర్లలో ఎక్కువే, కానీ ఏ దెబ్బా తగలనివాళ్లలోనూ ఉంటుంది.

సూరి గారూ, ఆధారం లేకపోవడం, ప్రమాదం లేకపోవడం రెండూ ఒకటి కాదు. స్వీడన్‌లో 14 మంది అమెచ్యూర్ల వెన్నునీరు తీసి చూస్తే, బౌట్ అయిన వారం పది రోజులకి కూడా నరాలు దెబ్బతిన్నప్పుడు కారే ప్రొటీన్ పెరిగి ఉంది. తలకి ఎక్కువ దెబ్బలు తిన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. మూడు నెలలు ఆట ఆపేసరికి తగ్గింది. విశ్రాంతి ఎందుకంటారో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఒక ప్రశ్న: ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా?

గాజువాక_అమ్మాయి:

పడ్డారు సార్. మొన్న శ్రావణంలో బాత్రూమ్‌లో జారి గోడకి తల కొట్టుకున్నారు. రక్తం రాలేదని వదిలేశాం. ఆ తర్వాతే నడక మరీ పాడైంది.

నరాల_డాక్టర్:

అయితే న్యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. రేపే తలకి సీటీ స్కాన్ చేయించండి. ఈ వయసులో చిన్న దెబ్బకి కూడా పుర్రెకి, మెదడుకి మధ్య రక్తం మెల్లగా చేరుతుంది. వారాలు గడిచాక బయటపడుతుంది. తీసేస్తే చాలామంది కోలుకుంటారు. రక్తం పలచబడే బిళ్లలు ఏవైనా వాడుతుంటే స్కాన్ దగ్గర చెప్పండి. బీ12, థైరాయిడ్ కూడా చూపించండి. బాక్సింగ్ అన్న మాట వినగానే అందరూ పాత దెబ్బల వెంట పడి, నయమయ్యేవి వదిలేస్తారు.

గాజువాక_అమ్మాయి:

స్కాన్ అయింది. రక్తం లేదు. బీ12 బాగా తక్కువ ఉంది, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. వచ్చే వారం న్యూరాలజీ. అమ్మ వీడియో తీసింది, చూశాక మాత్రం నవ్వలేదు. ఇప్పుడు వేరే మంచం వేసుకుంది. కోచ్ గారూ, పిల్లాడి సంగతి చెప్పలేదు మీరు.

పాత_సర్వీసెస్_కోచ్:

మాన్పించమని నేను చెప్పలేనమ్మా, నా బతుకే అది. ఫుట్‌వర్క్, బ్యాగ్, ప్యాడ్స్, తాడు ఎంతైనా చెయ్యనివ్వండి. వాటిలో తలకి దెబ్బ లేదు. స్పారింగ్ దగ్గరే గట్టిగా ఉండండి. కోచ్‌ని అడగండి: వారానికి ఎన్ని రౌండ్లు పెడతారు, ఎవరితో, దెబ్బ తగిలి తల తిరిగిందంటే ఎన్నాళ్లు ఆపుతారు? నవ్వేసి "ఏం కాదమ్మా" అన్నాడంటే వేరే కోచ్‌ని వెతకండి. తల తిరిగిందని పిల్లాడు చెప్తే ఇంట్లో ఎవరూ వెక్కిరించకూడదు, ముఖ్యంగా తాత.

ప్యాడ్స్ మాత్రం ఆయన చేత పట్టించకండి. ఆ నడకతో వెనక్కి అడుగు వెయ్యలేరు, పిల్లాడి గుద్దుకి పడిపోతారు. స్టాప్‌వాచ్ ఇచ్చి కుర్చీలో కూర్చోబెట్టండి. నేవీ బాక్సర్ కదా, రౌండ్‌లో ఒక్క సెకను కూడా వదలరు.