నళినీదళ సంస్థితమా, సంసక్తమా?

గోదారిగట్టు: టైటానియం తుంటికీలు మీద వేసే పూతల గురించి తెలుగులో రాస్తున్నా, బాక్టీరియా దేనికి అంటుకుంటుంది, దేనికి అంటదు అని. "నీరము తప్తలోహమున" పద్యం (నీరు కాలిన ఇనుము మీద పేరు లేకుండా పోతుంది, తామరాకు మీద ముత్యంలా మెరుస్తుంది, ముత్యపుచిప్పలో పడితే ముత్యమే అవుతుంది) రెండో పాదం నిన్నటి నుంచి వదలడం లేదు. "నళినీదళ సంసక్తమై" అనా, "సంస్థితమై" అనా? సంసక్తం అంటే అతుక్కున్నది, అదైతే నాకు కావలసిన మాట దొరికినట్టే.

పదచింత: ఉత్పలమాలలో అక్కడ భగణం పడాలి. "సంసక్త" తగణం, గణభంగం. సంస్థితమే.

గోదారిగట్టు: గణం సరేనండీ, అర్థం? "సం" చేరితే బాగా కుదురుకున్నట్టు కదా, తామరాకు మీద బొట్టు జారిపోతుందే.

తాతగారిపెట్టె: భర్తృహరి "సంతప్తాయసి సంస్థితస్య" అని కాలిన ఇనుము మీది నీటికే ఆ మాట వాడాడు, తామరాకు దగ్గర ఉత్త "స్థితం". ఆ శ్లోకాన్ని ఇలా తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి దాన్ని తామరాకు వైపు జరిపి ఇనుముకి "నిల్చి" ఇచ్చాడు. యతి కోసమే అనొచ్చు, కానీ క్షణమైనా ఆగని నీటిని "నిల్చి" అనడం ఎంత అందం!

సూక్ష్మజీవి: నేను ల్యాబ్‌లో పనిచేస్తా, మాకు ఈ రెండు మాటలూ కావాలి. స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియా మొదట ఊరికే వచ్చి వాలుతుంది, కడిగితే పోతుంది, అది సంస్థితం. తర్వాత జిగురు కార్చి బయోఫిల్మ్ అనే పొర కట్టుకుంటే ఇక ఊడదు, యాంటీబయాటిక్ కూడా సరిగా పనిచేయదు, అది సంసక్తం. అయితే తామరాకు పోలిక శరీరంలో ఎక్కువసేపు నిలవదండీ. ఆకు గరుకులో చిక్కిన గాలి వల్లే బొట్టు నిలబడేది, ద్రవంలో మునిగి ఉంటే ఆ గాలి మెల్లగా పోతుంది. పైగా రక్తంలోని ఫైబ్రినోజెన్ లాంటి ప్రొటీన్లు ముందే లోహం మీద పరుచుకుంటాయి, బాక్టీరియా పట్టుకునేది వాటినే. అందుకే నీటిని గట్టిగా పట్టి ఉంచే పాలిమర్ పూతలు వేసి, ముందు ప్రొటీన్లనే రానివ్వకుండా చూస్తారు.

పదచింత: అయితే వెండి పూత మొదటి పాదం! వచ్చిన బాక్టీరియా "అనామకమై నశించు".

సూక్ష్మజీవి: బాగుంది! కానీ వెండి మోతాదు మించితే మన కణాలకీ దెబ్బే. బాక్టీరియా అంటకూడదు, ఎముక మాత్రం అంటాలి, కష్టమంతా అక్కడే.

తాతగారిపెట్టె: ఎముక అంటితే ముత్యపుచిప్ప, మూడో పాదం. అది సరే, ఈ శ్లోకానికి ఎలకూచి బాలసరస్వతి పద్యం ఎవరి దగ్గరైనా ఉందా? పుష్పగిరి తిమ్మనది కూడా పెట్టండి, ఇద్దరూ భర్తృహరిని తెలుగు చేసినవాళ్ళే, తామరాకు దగ్గర వాళ్ళు ఏ మాట వేశారో చూద్దాం.

గోదారిగట్టు: అవి వచ్చేదాకా శీర్షిక ఆపుతున్నా.