“నీవు నా సొత్తు”: యెషయా 43:1లోని ఒక మాట గురించి

ప్రశ్న

అందరికీ వందనాలు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మా ఇంటికి వచ్చిన వాగ్దాన కార్డు (కొత్త ఏటికని ఒక బైబిలు వాక్యం అచ్చు వేసి ఇచ్చేది) మీద “నీవు నా సొత్తు – యెషయా 43:1” అని ఉంది. చిన్నప్పటి నుండి వింటున్న వాక్యం, నాకు ధైర్యంగానే అనిపించింది. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి మాత్రం కార్డు చేతిలోకి తీసుకుని, “సొత్తు అంటే వస్తువు కదమ్మా, నేను ఎవరి వస్తువునీ కాదు” అంది. పెద్ద పిల్లలకు సంబంధాలు చూస్తూ ఇంట్లో కట్నం లెక్కలు మాట్లాడుకుంటుంటే వింటున్న పిల్ల. ఆ మాటను తీసిపారేయలేకపోయాను. మూలంలో నిజంగా సొత్తు అనే ఉందా, తెలుగులో వచ్చి చేరిందా? తెలిసినవారు చెప్పండి.

జవాబు

అక్కయ్యగారూ, వందనాలు. మీ ప్రశ్నకు సూటి సమాధానం: మూలంలో సొత్తు లేదు. హెబ్రీలో అక్కడున్నవి రెండే రెండు మాటలు, “లీ ఆత్తా”. “నాకు నీవు”, అంటే నీవు నావాడవు అని. సొత్తు అన్న నామవాచకం తెలుగు చేసినవారు పెట్టిందే.

అయితే ఆ మాటను వారు గాలిలోంచి తీసుకురాలేదు. దేవుడు తన ప్రజల గురించి వాడిన ఒక హెబ్రీ మాట వేరే ఉంది, సెగుల్లా. నిర్గమకాండము 19:5లో దాన్ని “స్వకీయ సంపాద్యము” అన్నారు. ద్వితీయోపదేశకాండము 7:6లో “స్వకీయజనము”. మలాకీ 3:17లో మళ్లీ “స్వకీయ సంపాద్యము”. రాజ్యమంతా రాజుదే అయినా, అందులో తనకంటూ విడిగా ఉంచుకున్న ధనం ఒకటి ఉంటుంది. సెగుల్లా అంటే అది. మందిరం కట్టడానికి దావీదు తన స్వంత బంగారం, వెండి ఇస్తానన్నచోట (1 దినవృత్తాంతములు 29:3) మూలంలో ఉన్నది ఈ మాటే. నిర్గమకాండము వాక్యం చివరను కూడా కలిపి చదవండి: “సమస్తభూమియు నాదేగదా.” భూమి అంతా ఆయనదే, అందులో మనసుపడి దగ్గర పెట్టుకున్నది ఇది. క్రొత్త నిబంధనలో ఆ భావమే 1 పేతురు 2:9లో “దేవుని సొత్తైన ప్రజలు” అనీ, తీతు 2:14లో “తన సొత్తుగా చేసికొని” అనీ వచ్చింది. ఆ సొత్తే యెషయా 43లోకి కూడా వచ్చి కూర్చుంది.

ఇక అసలు సంగతి. ఆ మాట అక్కడ పెట్టడం తప్పని నేను అనుకోవడం లేదు. ఎందుకంటే 43:1 “అయితే” అన్న మాటతో మొదలవుతుంది. దేనికి అయితే? వెనక్కి తిరిగి 42:22 చూడండి. “ఈ జనము అపహరింపబడి దోపుడు సొమ్మాయెను.” గుహల్లో చిక్కుకున్నారు, బందీగృహాల్లో దాచబడ్డారు, విడిపించేవాడు ఎవడూ లేడు. బబులోనువారు యెరూషలేమును కూల్చి మనుషులను చెరపట్టి తీసుకుపోయాక, ఆ మనుషుల స్థితిని ప్రవక్త చెబుతున్న తీరు అది. అంటే వారిని అప్పటికే ఎవరో వస్తువును చేసేశారు. దోచుకున్నవాడి చేతిలో సొమ్ము అయిపోయారు. ఆ సొమ్ము అన్న మాటకు జవాబుగా, అధ్యాయం తిరగ్గానే, “పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను నీవు నా సొత్తు” అని వినిపిస్తుంది. పత్రికల్లో “చోరీ సొత్తు స్వాధీనం” అని చదువుతుంటాం కదా, ఇక్కడ ఆ సొత్తుకు అసలు యజమాని వచ్చి నిలబడ్డాడు.

కార్డు అచ్చు వేసినవారు మిగిలినదంతా కోసేసి చివరి మూడు మాటలు మిగిల్చారు. అలా కోయడం నాకు నచ్చదు. “నేను నిన్ను విమోచించియున్నాను, భయపడకుము” అన్నది పోయింది, “పేరుపెట్టి” అన్నది కూడా పోయింది. వస్తువుకు ధర కడతారు గానీ పేరు పెట్టి పిలవరు. మీ అమ్మాయికి తగిలిన బాధలో సగం ఆ కత్తిరింపు వల్ల వచ్చిందే.

మరొకరు

నాది చిన్న అభ్యంతరం. మూలంలో “నీవు నావాడవు” అని ఉంటే అలాగే రాసి ఉండవచ్చు కదా? తెలుగులో దానికి ఎంత చక్కటి పద్ధతి ఉంది! “నేను నీవాడనే” అని 119వ కీర్తనలో (94వ వచనం) ఉంది. “మనము ఆయన వారము” అని 100:3లో ఉంది. వాడను, వాడవు, వారము అంటూ నేను, నీవు, మనము అన్న తేడా నామవాచకం చివరనే చెప్పగలిగిన భాష మనది. ఇప్పటి ప్రసంగాల్లో “దేవునికి చెందినవాడను” అంటున్నారు. చెందిన అనగానే నాకు “గుంటూరు జిల్లాకు చెందిన” అన్న వార్త గుర్తుకొస్తుంది. ఆ వాక్యంలో చుట్టరికం వినిపించదు.

జవాబు

చెందిన గురించి మీరన్నది నా మనసులో మాట. నావాడు, మావాడు అన్నప్పుడు తెలుగులో ఇల్లు, వాకిలి, భోజనం అన్నీ వచ్చేస్తాయి. “వాడు మావాడే” అంటే ఇక ఎవరూ ఏమీ అడగరు.

కానీ ఒక్కటి ఆలోచించండి. “నీవు నావాడవు” అని రాస్తే మన ప్రశ్న వేసిన అమ్మాయి దాన్ని తన గురించి ఎలా చదువుకుంటుంది? తెలుగులో వాడు అనగానే మగవాడే. హెబ్రీలో కూడా అక్కడి “ఆత్తా” పుంలింగమే, యాకోబును పిలుస్తున్నాడు కాబట్టి. స్త్రీకి “నాదానవు” అనాలి. పరమగీతంలో “నా ప్రియుడు నా వాడు నేను అతనిదానను” అన్నట్టు. సొత్తు అన్న మాటకు ఆ ఇబ్బంది లేదు. దాన్ని తండ్రికీ చదివి వినిపించవచ్చు, కూతురికీ వినిపించవచ్చు. అనువాదకులు ఇది ఆలోచించే పెట్టారని నేను అనను. పెట్టాక మాత్రం ఆ మేలు జరిగింది.

మీరు ఎత్తిన 100వ కీర్తనలో ఇంకో విశేషం ఉంది. హెబ్రీలో “లో” అన్న ఒకే పలుకును రెండు రకాలుగా రాస్తారు. ఒక రాతలో “కాదు” అని అర్థం, ఇంకో రాతలో “ఆయనకు” అని. ఆ వచనంలో రాసి ఉన్నది మొదటిది. పక్కన మార్జిన్‌లో, చదవాల్సింది రెండోది అని యూదు పండితులు గుర్తు పెట్టారు. 1611 నాటి ఆంగ్ల బైబిలు మొదటి రాతను పట్టుకుని, మనల్ని చేసింది ఆయనే, మనం కాము అన్న అర్థం తీసుకుంది. తెలుగు బైబిలు రెండోదాన్ని పట్టుకుని “మనము ఆయన వారము” అంది. నాకు తెలుగే ఇష్టం. తర్వాతి మాటలు “మనము ఆయన ప్రజలము ఆయన మేపు గొఱ్ఱెలము” కాబట్టి అతుకు కూడా ఇక్కడే బాగా కుదురుతుంది.

ఇంకొకరు

నేను భాష చదువుకున్నవాడిని కాను, మా వైపు సంగతి ఒకటి చెబుతాను. మాది ఒంగోలు ప్రాంతం. 1876–78 కరువు తర్వాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న చోటు. కరువులో మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించారు. ఆ నీళ్లలో దిగినవారిలో ఎక్కువమంది మాదిగ పల్లెలవారు. అలాంటి ఇళ్లలోంచి వచ్చినవాడినే నేనూ.

మా పెద్దలు చెప్పేవారు, ఊళ్లో ఎవరైనా ఎదురుపడితే మొదటి మాట “ఎవరి తాలూకురా నువ్వు?” అని. పేరు అడగరు. ఫలానా ఆసామి జీతగాడినని చెప్పాలి. అప్పు తండ్రి చేస్తే జీతం కొడుకు ఉండేవాడు. అలాంటి మనిషికి గుడిసెలో దీపం దగ్గర ఒకరు “పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను నీవు నా సొత్తు” అని చదివి వినిపిస్తే వస్తువును చేశారని అనిపించి ఉండదు. తాలూకు మారింది. బాప్తిస్మంతో వెట్టి మాయమైపోలేదు, ఊరి బావిలో నీళ్లు మర్నాడే దొరకలేదు. కానీ ఎవరి తాలూకు అన్న ప్రశ్నకు లోపల వేరే జవాబు పుట్టింది. సొత్తు అన్న మాట తీసేస్తారేమోనని భయపడి ఇది రాస్తున్నాను.

జవాబు

అయ్యగారూ, మీరు చెప్పినదానికి వాక్యంలోనే ఆధారం ఉంది. “మీరు మీ సొత్తు కారు, విలువపెట్టి కొనబడినవారు” అని 1 కొరింథీయులకు 6:19–20లో ఉన్నది అందరికీ నోటికి వచ్చు. అదే పౌలు అదే మాటను తర్వాతి అధ్యాయంలో, 7:23లో, మళ్లీ ఎత్తుకుంటాడు: “మీరు విలువపెట్టి కొనబడినవారు గనుక మనుష్యులకు దాసులు కాకుడి.” మొదటిదాన్ని మనం తరచుగా వింటాం, రెండోదాన్ని చాలా తక్కువగా వింటాం. దేవుడు “నావాడు” అన్నాడంటే, ఇక వేరెవరూ ఆ మనిషిని నా సొత్తు అనడానికి వీల్లేదు. లేవీయకాండము 25:42 కూడా అదే తర్కం: వారు నాకే దాసులు, ఐగుప్తులోనుండి నేను వారిని రప్పించాను, కాబట్టి దాసులను అమ్మినట్టు వారిని అమ్మకూడదు. ఆ “కాబట్టి”లో ఉంది బలమంతా.

అక్కయ్యగారూ, కట్నం గురించి మీరు రాశారు కాబట్టి చెబుతున్నాను. ఈ వాక్యాలను నమ్మే ఇంట్లో ఆడపిల్లకు ధర కట్టడం కుదరదు. కట్నం అడిగేవారికీ, ఇచ్చేవారికీ, ఆ పెళ్లి జరిపించే సంఘానికీ ఇది వర్తిస్తుంది. మీ అమ్మాయి “నేను ఎవరి వస్తువునీ కాదు” అన్నది ఈ వాక్యానికి ఎదురు మాట కాదు, ఆ మాటను వాక్యమే ముందు అనింది.

విమోచించియున్నాను అన్న క్రియను కూడా వదలకండి. హెబ్రీలో అది గాఅల్. పేదరికం వల్ల పరాయివాడికి అమ్ముడుపోయిన మనిషిని అన్నదమ్ములో, పినతండ్రో, పినతండ్రి కొడుకో డబ్బు కట్టి తెచ్చుకోవడం గురించి లేవీయకాండము 25:47–49 చెబుతుంది కదా, ఆ మాట అది. విధవరాలైన రూతును చుట్టమైన బోయజు ఆదుకున్నదీ ఈ వరుసతోనే. తాకట్టులో ఉన్న అమ్మ గొలుసును మనం “కొన్నాం” అనం, “విడిపించుకున్నాం” అంటాం. డబ్బు కట్టినా అది కొనడం కాదు, మనదాన్ని మనం ఇంటికి తెచ్చుకోవడం. గాఅల్ చేసేవాడు చుట్టం. అందుకే యెషయాలో ఆ క్రియ వెనకాలే వచ్చిన “సొత్తు”లో నాకు బేరం వినిపించదు, రక్తసంబంధం వినిపిస్తుంది. మూడు వచనాలు దాటాక 43:4లో ఆయనే “నేను నిన్ను ప్రేమించుచున్నాను” అంటాడు.

యువజన సంఘం నుండి ఒకరు

మా సంఘంలో వాగ్దాన కార్డులు నేనే అచ్చు వేయిస్తాను. వాక్యం మొత్తం వేస్తే అక్షరాలు చిన్నవై పెద్దవాళ్లకు కనబడవండి. అందుకే చివరి ముక్క తీసుకుంటాం.

జవాబు

తమ్ముడూ, ఇబ్బంది అర్థమైంది. గులాబీ పువ్వు బొమ్మ తీసేస్తే చోటు వస్తుంది. అదీ కుదరకపోతే “పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను నీవు నా సొత్తు” వరకైనా వేయండి. ఆ రెండూ విడదీయకండి.

ప్రశ్న వేసిన అక్కయ్య

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి 42:22 నుండి 43:4 వరకు అమ్మాయి చేతే చదివించాను. దోపుడు సొమ్ము దగ్గర ఆగి, అక్కడి నుండి మళ్లీ చదివింది. సొత్తు గురించి ఇక అడగలేదు. కానీ 43:3 దగ్గర ఇంకో ప్రశ్న వేసింది: “ఐగుప్తును నీ కోసం క్రయంగా ఇచ్చాను, కూషును, సెబాను ఇచ్చాను అంటున్నాడు కదా. మరి వాళ్లెవరి తాలూకు?” అని. ఒంగోలు అయ్యగారి మాటను దానికి చదివి వినిపించాను లెండి. దీనికి నా దగ్గర జవాబు లేదు.

జవాబు

చాలా మంచి ప్రశ్న, వ్యాఖ్యానాలు చదివినవారు కూడా దాటేసి వెళ్లిపోయే చోటు. 43:3ను కవితలోని అతిశయంగా చదివేవారున్నారు. ఇశ్రాయేలును బబులోను చెరనుండి వదిలినందుకు బదులుగా పారసీక రాజుకు ఆ దేశాలు దక్కుతాయన్న అర్థంలో చదివేవారూ ఉన్నారు. నాకు రెండూ పూర్తిగా తృప్తినివ్వవు. అయితే అదే పుస్తకంలో 19వ అధ్యాయం చివర, 25వ వచనం, అమ్మాయికి చూపించండి. అక్కడ యెహోవా ఆశీర్వదిస్తూ ముగ్గురిని పిలుస్తాడు: “నా జనమైన ఐగుప్తీయులారా, నా చేతుల పనియైన అష్షూరీయులారా, నా స్వాస్థ్యమైన ఇశ్రాయేలీయులారా.” ఇశ్రాయేలును బానిసలుగా ఉంచుకున్నది ఐగుప్తు. ఉత్తర రాజ్యాన్ని చెరపట్టింది అష్షూరు. “నా జనము” అన్న పిలుపు అక్కడ దక్కింది ఐగుప్తుకు.