కోడింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి కమాండ్ లైన్ ఎంత వస్తే చాలు?

పైథాన్ మొదలుపెట్టి 5 వారాలైంది, లూప్‌లు ఫంక్షన్లు బానే వస్తున్నాయి కానీ కమాండ్లు టైప్ చేసే ఆ నల్ల విండో దగ్గరే ఆగిపోతున్నా. విండోస్ 11, పైథాన్ 3.12. రిక్వెస్ట్స్ అనే లైబ్రరీ కోసం పిప్ (పైథాన్ లైబ్రరీలు వేసే టూల్) ఇన్‌స్టాల్ రిక్వెస్ట్స్ అని కొడితే ఇన్‌స్టాల్ అయిందనే వస్తుంది, ప్రోగ్రామ్ రన్ చేస్తే మాత్రం మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్. రెండుసార్లు పైథాన్ తీసేసి మళ్లీ వేశా, పాత్‌లో (విండోస్ ప్రోగ్రామ్‌లను వెతికే ఫోల్డర్ల లిస్ట్) యాడ్ చేశా, రీస్టార్ట్ చేశా, ఏం మారలేదు. పైథాన్ ఎక్కడుందో చూద్దామని వేర్ పైథాన్ అని పవర్‌షెల్‌లో (విండోస్‌లో ఒక కమాండ్ విండో) కొడితే ఏమీ రాలేదు, అదే ఇంకో కమాండ్ విండో అయిన కమాండ్ ప్రాంప్ట్‌లో కొడితే రెండు పాత్‌లు చూపించింది (పవర్‌షెల్‌లో వేర్ అంటే వేరే కమాండంట, అది తెలియడానికే ఒక సాయంత్రం పోయింది). చివరికి ఉత్త పిప్ బదులు పైథాన్ డాష్ ఎమ్ పిప్ అని కొడితే పనిచేసింది, అంటే ఆ పిప్ ఇంకో పైథాన్‌లో వేస్తోందన్నమాట. సీడీ, డీఐఆర్ (ఫోల్డర్ మారడం, అందులో ఏముందో చూడడం) వరకు వచ్చు, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక్కో ప్రాజెక్ట్‌కి లైబ్రరీలు విడిగా పెట్టుకోవడం), గిట్ (కోడ్‌లో మార్పులు దాచిపెట్టే టూల్) దగ్గర మళ్లీ ఇదే గోల, కాపీ పేస్ట్ మీదే బండి నడుస్తోంది. కోర్సు ఆపి నెలరోజులు కమాండ్ లైన్ మీదే కూర్చోమని ఒక ఫ్రెండ్, ఎడిటర్‌లో బటన్లుండగా ఎందుకని ఇంకో ఫ్రెండ్. ఇలా ఇరుక్కోకుండా ఉండాలంటే మొదటి ఆరు నెలల్లో కచ్చితంగా ఏ కమాండ్లు, ఏ విషయాలు తెలిసుండాలి?