కాకి మనిషి ముఖం గుర్తుపెట్టుకుంటుందా? మీ ఇంటి చుట్టూ తిరిగే పిట్టల తెలివి గురించి చెప్పండి

లంకతోట:
మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఈమధ్య కొబ్బరి దింపు తీయించాం. చెట్టెక్కినాయన మట్టలు నరుకుతుంటే కాకి గూడు కిందపడింది. అందులో రెక్కలు ఇంకా సరిగా రాని పిల్ల ఉంది. నాన్నగారు దాన్ని చేతిలోకి తీసుకుని, పాత బుట్టలో పెట్టి, పక్కనున్న మామిడి కొమ్మకి కట్టారు. ఆయన చేసింది అంతే. అప్పటినుంచి ఒక కాకుల జంట ఆయన్ని వదలడం లేదు. వరండాలోంచి కాలు బయటపెడితే చాలు, వెనకనుంచి వచ్చి తల మీద తన్ని పోతున్నాయి. అమ్మ పక్కనే నడుస్తున్నా అమ్మ జోలికి పోవు. నన్నూ ఏమీ అనవు. నాన్నగారు చొక్కా మార్చి చూశారు, తలకి తువ్వాలు చుట్టుకున్నారు, పెరటి గుమ్మంలోంచి వెళ్ళారు. ఎలా వెళ్ళినా కనిపెట్టేస్తున్నాయి.

పైగా కాకి తంతే అరిష్టం, శాంతి చేయించండి అని చుట్టాలు. ఆయనకి ఆ టెన్షన్ ఒకటి పట్టుకుంది. కాకి నిజంగా మనిషిని గుర్తుపడుతుందా? ఇది ఎన్నాళ్ళు సాగుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి. కాకి ఒక్కటే కాదు, మనుషుల మధ్య బతికే ఏ పిట్ట గురించైనా మీరు కళ్ళారా చూసింది రాయండి.

పక్షిచూపు:
లంకతోట గారూ, ముందు నాన్నగారికి ధైర్యం చెప్పండి. ఇందులో అరిష్టం ఏమీ లేదు. పిల్లని కాపాడుకోవాలన్న ఆరాటమే ఇదంతా.

గుర్తుపడుతుందా అంటే, ఖచ్చితంగా పడుతుంది. అమెరికాలో సియాటిల్ నగరంలో జాన్ మార్జ్‌లఫ్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం 2006లో ఇదే పరీక్షించారు. ఆదిమానవుడి ముఖం ఉన్న రబ్బరు మాస్కు పెట్టుకుని కొన్ని కాకుల్ని వలేసి పట్టుకున్నారు, కాళ్ళకి రింగులు తొడిగి వదిలేశారు. ఆ తర్వాత ఆ మాస్కుతో ఎవరు నడిచినా కాకులు గోల చేస్తూ మీదికొచ్చేవి. వేరే మాస్కు పెట్టుకున్నవాళ్ళని పట్టించుకునేవి కావు. మాస్కు మీద టోపీ పెట్టినా మోసపోలేదు, కాబట్టి తువ్వాలు చుట్టుకుంటే లాభం లేదు. ఇంకో సంగతి, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మాస్కుని చూసి అరిచే కాకులు తగ్గలేదు, పెరిగాయి. వాటిలో చాలావాటిని ఎవరూ ఎప్పుడూ పట్టుకోలేదు. పట్టుబడ్డ కాకులు అరవడం చూసి మిగతావి నేర్చుకున్నాయి, తల్లుల్ని చూసి పిల్లలు నేర్చుకున్నాయి. అవి అమెరికా కాకులు, మన దగ్గర బూడిదరంగు మెడతో తిరిగేది వేరే జాతి. కానీ మీ ఇంట్లో జరుగుతున్నది చూస్తే ఈ విషయంలో పెద్ద తేడా ఉన్నట్టు లేదు.

అయితే మీ నాన్నగారి మీదే ఎందుకు? గూడు పడగొట్టింది ఆయన కాదు కదా. నాకు అనిపించేది ఏమిటంటే, ఆయన చేతిలో కాకిపిల్ల ఉండటం అవి చూశాయి. చేతిలో నల్లగా వేలాడేది ఏదైనా కాకిజాతి పక్షులకి ప్రమాద సూచన. ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్‌రాడ్ లోరెంజ్ జాక్‌డాలని పెంచేవారు, అవీ కాకి జాతివే. ఆయన ఒకసారి జేబులోంచి నల్లటి ఈతచెడ్డీ బయటికి తీస్తే, తాను పెంచిన ఆ పక్షులే ఆయన మీద దాడి చేశాయి. సియాటిల్‌లోనే 2015లో వచ్చిన ఇంకో పరిశోధనలో, చచ్చిన కాకిని చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషి ముఖాన్ని కాకులు ఆరు వారాల తర్వాత కూడా గుర్తుపట్టి అరిచాయి.

ప్రస్తుతానికి గొడుగు వేసుకుని వెళ్ళమనండి. కాకి వెనకనుంచే వస్తుంది, ఎదురుగా రావడం తక్కువ. పిల్ల ఎగరడం నేర్చుకుంటే తన్నడం ఆగిపోతుంది. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు చూసి అరుస్తాయేమో, అరవనివ్వండి.

వడియాలమ్మ:
పక్షిచూపు గారు నల్లటి వస్తువు అన్నారు కదా, ఇప్పుడు అర్థమైంది. మాది తెనాలి. డాబా మీద వడియాలు పెట్టినప్పుడు మా అత్తగారు పక్కనే ఒక కర్రకి నల్లగుడ్డ వేలాడదీసేవారు. గాలికి ఆడుతుంటే కాకులు దగ్గరికొచ్చేవి కావు, దూరంగా పిట్టగోడ మీద కూర్చుని గోల పెట్టేవి. చచ్చిన కాకి అనుకుంటాయమ్మా అని ఆవిడ చెప్పేవారు. చదువుకున్న మనిషి కాదు, చూసి తెలుసుకున్నదే.

కాకపోతే ఆ గుడ్డ ఎక్కువ రోజులు పనిచేయదు. ఒకే చోట ఉంచితే, దానివల్ల ఏమీ జరగడం లేదని కనిపెట్టేస్తాయి. ముందు ఒకటి వచ్చి గోడ చివర వాలుతుంది. రెండడుగులు వేసి ఆగుతుంది. ఏమీ కాకపోతే ఒక వడియం పట్టుకుపోతుంది. అది క్షేమంగా వెళ్ళిందని చూశాకే మిగతావి దిగుతాయి. అందుకే నేను రోజూ గుడ్డ చోటు మారుస్తాను, సాయంత్రం ఇంట్లోకి తీసుకొచ్చేస్తాను.

బడిగంట:
పాలమూరు జిల్లాలో గవర్నమెంట్ స్కూల్ టీచర్‌ని. మధ్యాహ్న భోజనం టైముకి కాకులు రావడం అందరూ చూసేదే. నేను గమనించింది వేరే. అవి గంటకి రావు, పిల్లల పళ్ళేల చప్పుడుకి వస్తాయి. పళ్ళేలు బయటికి తీయని రోజు గంట ఎంత కొట్టినా చెట్టు మీదనుంచి కదలవు. గుడ్డు పెట్టే రోజు మాత్రం పిల్లల దగ్గరికి రాకముందే వంటగది వెనక బోరింగ్ దగ్గర చేరతాయి, ఎందుకంటే వంటామె గుడ్ల పెంకులు ఒలిచేది అక్కడ. ఒకటో తరగతి పిల్లల దగ్గర ధైర్యంగా పళ్ళెంలోంచే లాక్కుంటాయి. ఐదో తరగతి పిల్లలకి నాలుగడుగుల దూరంలో ఆగిపోతాయి. చిన్నపిల్లాడు రాయి విసరలేడని వాటికి తెలుసు.

సందేహి:
అన్నీ బాగానే ఉన్నాయి. మరి అంత తెలివైన కాకి, తన గూట్లో కోకిల పిల్లని ఎలా పెంచుతుంది? ముఖాలు గుర్తుపట్టే పక్షికి తన బిడ్డ కాదని తెలియదా? నా ఉద్దేశంలో మనం మామూలు అలవాట్లని కూడా తెలివి అంటున్నాం.

పక్షిచూపు:
మంచి ప్రశ్న అడిగారు, దీనికి కొంచెం పెద్ద జవాబే రాయాలి.

కోకిల గుడ్డు కాకి గుడ్డు కన్నా చిన్నది, కానీ రంగు దాదాపు అదే, ఆకుపచ్చ కలిసిన బూడిద మీద గోధుమరంగు మచ్చలు. తేడా ఉన్న గుడ్డునల్లా తోసేయడం మొదలుపెడితే కాకి ఒక్కోసారి తన గుడ్డునే తోసేసుకోవచ్చు. ఆ నష్టం కూడా చిన్నదేమీ కాదు. పైగా కోకిల పిల్ల కాకి పిల్లల కన్నా ముందే గుడ్డులోంచి బయటికొస్తుంది, అందరికన్నా ముందు నోరు తెరిచి అడుగుతుంది. గూట్లో నోరు తెరిచినదానికల్లా పెట్టడం తల్లిగా కాకికి ఉన్న స్వభావం. మన కోకిల పిల్ల సాధారణంగా కాకి పిల్లల్ని గూట్లోంచి తోసేయదు. యూరప్‌లో వేరే రకం కోయిల పిల్ల అయితే మిగతా గుడ్లన్నీ తోసేస్తుంది. కాబట్టి కాకి చాలాసార్లు తన పిల్లల్ని కూడా పెంచుకోగలుగుతుంది.

కాకి ఎదిగిన కోకిలని మాత్రం బాగా గుర్తుపడుతుంది, కనిపిస్తే తరిమి తరిమి కొడుతుంది. కోకిలలు వాడుకునేది ఆ కోపాన్నే. నల్లటి మగకోకిల గూటికి ఎదురుగా వచ్చి కూస్తుంది, కాకులు దాని వెంటపడతాయి. మచ్చల ఆడకోకిల ఆకుల్లో నక్కి ఉండి ఆ సందులో గుడ్డు పెట్టేస్తుంది. ఏప్రిల్ నుంచి వానాకాలం దాకా ఊళ్ళో చెట్ల మీద రోజూ జరిగే పోరాటం ఇది. రెండువైపులా తెలివి ఉందనే నేనంటాను.

వర్లీతెలుగు:
ముంబైలో ఉంటాం. ఇక్కడ కాకులకి పుల్లలు దొరక్క గూళ్ళు ఇనుప తీగతో కడతాయి. మా బిల్డింగ్ వెనక చెట్టు కొట్టినప్పుడు పడిన గూడు చూశాను, సెంట్రింగ్ పనికి వాడే బైండింగ్ వైరు, కేబుల్ ముక్కలు. బయట తీగ, గుడ్లుండే చోట మాత్రం మెత్తటి పీచు. వానకి చెక్కుచెదరదు.

సిడ్నీలోసుబ్బులు:
మా ఊళ్ళో కాకటూలని తెల్లటి పెద్ద చిలకలు, తల మీద పసుపుపచ్చ కుచ్చు ఉంటుంది. ఇవి చెత్తడబ్బాల మూతలు తెరవడం నేర్చుకున్నాయి. ముక్కుతో మూత కొంచెం పైకెత్తి, అంచు మీద పక్కకి నడుచుకుంటూ వెనక్కి వెళ్ళి, ఒక్కసారిగా మూతని అవతలికి పడేస్తుంది. 2018కి ముందు ఇది నగరంలో మూడు పేటల్లోనే ఉండేది. 2019 చివరికి 44 పేటలకి పాకింది, 2021లో సైన్స్ పత్రికలో దీని మీద వ్యాసం వచ్చింది. ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకోవడంతో పక్క పేటలకి వ్యాపించింది. పేటని బట్టి తెరిచే పద్ధతి కూడా కొద్దిగా మారుతుందట.

మావాళ్ళు మూతల మీద ఇటుకలు పెట్టారు. అవి ఇటుకల్ని తోసేశాయి. ఇప్పుడు మూత పూర్తిగా తెరుచుకోకుండా వెనక కీలు దగ్గర నీళ్ళ సీసాలో, పాత బూట్లో ఇరికిస్తున్నారు. మా వీధిలో ఒకరిని చూసి ఒకరు ఇదే చేస్తున్నారు.

దమ్ముచెక్క:
సూర్యాపేట వైపు రైతుని. సందేహి అన్నకు ఒక ముచ్చట చెప్తా. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ వెనక కొంగలు పడతాయి, అందరికీ తెలుసు. మట్టి కలిసినప్పుడు పురుగులు, కప్పలు బయటపడతాయి కదా. కానీ అదే ట్రాక్టర్ ట్రాలీ కట్టుకుని పొలం పక్కనుంచి పోతే ఒక్క కొంగ తల ఎత్తి చూడదు. కేజీవీల్స్, అంటే దమ్ముకి వేసే ఇనుప చక్రాలు, వేసుకుని మడిలో దిగగానే ఎక్కడెక్కడినుంచో వచ్చి వాలతాయి. ఇంజిన్ నడిచినంతసేపు చక్రం పక్కనే తిరుగుతాయి, డ్రైవర్ కిందికి దిగితే మాత్రం దూరం జరుగుతాయి. ట్రాక్టర్‌కి భయపడవు, మనిషికి భయపడతాయి. అలవాటే అంటే అలవాటే, కానీ దేనికి భయపడాలో తెలిసిన అలవాటు.

ఇంకా తెలివైనది పసులపోలిగాడు. నల్లగా, తోక కత్తెర మాదిరి చీలి ఉంటది. బర్రె మీద ఎక్కి కూర్చుంటది, బర్రె గడ్డిలో నడిస్తే ఎగిరే మిడతల్ని గాలిలోనే పట్టుకుంటది. గోరింకలు మేస్తున్న చోట ఇది డేగ లెక్క కూస్తది. గోరింకలు బెదిరి లేస్తే అవి వదిలిన పురుగు దీనిది.

మేడమీదమల్లి:
విశాఖలో మా కాలేజీ మేడ మీద, కంకర పరిచిన చోట తీతువు పిట్ట గుడ్లు పెట్టింది. గుడ్లు అచ్చం కంకర రంగే. వాచ్‌మన్ మెట్లెక్కే చప్పుడు వినగానే పొదుగుతున్న పిట్ట అరవకుండా, వంగి నడుచుకుంటూ దూరంగా వెళ్ళి, అక్కడినుంచి అరవడం మొదలుపెడుతుంది. మనం అరుపు వచ్చిన చోట వెతుకుతాం, గుడ్లు ఇటువైపు ఉంటాయి. మిట్టమధ్యాహ్నం ట్యాంకు దగ్గర కారే నీళ్ళలో పొట్ట తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది, ఎండకి మాడకుండా. తీతువు అరిస్తే చావు కబురని భయపడి గుడ్లు తీసిపారేయమన్నవాళ్ళు కూడా ఉన్నారు. మా వాచ్‌మన్ ఒప్పుకోలేదు, పిల్లలు వచ్చేదాకా మేడకి తాళం వేశాడు.

లంకతోట:
అందరికీ ధన్యవాదాలు. ఇవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. శాంతి మాట మానేశారు, గొడుగుతో తిరుగుతున్నారు. కాకులు బుట్టలోని పిల్లకి తిండి తెచ్చి పెడుతున్నాయి, దానికి తోక ఈకలు కూడా వచ్చాయి.

దమ్ముచెక్క గారూ, ఒక డౌటు. ఆ పసులపోలిగాడు మా వరిచేల వైపు కూడా ఉంది. పురుగు తగ్గడానికి దాన్ని చేలోకి రప్పించే మార్గం ఉందా?

దమ్ముచెక్క:
ఉంది. పొలంలో టీ ఆకారంలో కర్రలు పాతండి, ఎకరానికి పది దాకా. పక్షి స్థావరాలు అంటారు, వ్యవసాయ అధికారులు కూడా చెప్తారు. పైరు కన్నా అడుగు ఎత్తుండాలె, లేకపోతే కూర్చోదు. ఎత్తైన చోటు దొరికితే అదే కాపలా ఉండి పురుగుల్ని ఏరుకుంటది. గింజ పాలు పోసుకునే ముందు మాత్రం కర్రలు పీకేయండి, లేకపోతే పిచ్చుకలు, చిలకలు వాటి మీద వాలి కంకులు తింటాయి.