జెండా దించాక ఏం జరుగుతుంది? ఉగ్రదాడి మృతుల స్మారకాల గురించి కొన్ని సందేహాలు

తెల్లకాగితం:
ఉగ్రదాడి జరిగాక టీవీలో మనకు కనిపించేవి మూడే: సగానికి దించిన జెండా, కాసేపు మౌనం, గుట్టగా పడి ఉన్న పూలు. కొన్నేళ్ళకు ఎక్కడో ఒక స్మారకం లేస్తుంది. ఈ రెంటి మధ్య జరిగే పని గురించి తెలుగులో రాసినవాళ్ళు కనబడలేదు. నా సందేహాలు ఇవి. జెండా, మౌనం లాంటివాటికి లెక్క ఏమైనా ఉందా? జనం వదిలిన పూలు, బొమ్మలు, ఉత్తరాలు చివరికి ఎక్కడికి పోతాయి? న్యూయార్క్‌లో 2001 సెప్టెంబర్ 11 దాడుల స్మారకంలో పేర్లు అక్షరక్రమంలో లేవట, ఎందుకని? కట్టిన స్మారకాల్లో పాడయ్యేవి ఏమిటి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

గంటస్తంభం:
మొదటిదానికి నేను చెప్తాను.

జెండాను నేరుగా సగం దాకా లాగి కట్టేయకూడదు. ముందు కొస దాకా ఎగరేసి, ఒక్క క్షణం ఆపి, అప్పుడు కిందికి దించాలి. సాయంత్రం తీసేటప్పుడూ అంతే, మళ్ళీ కొస దాకా తీసుకెళ్ళి పూర్తిగా దించాలి. ఎక్కువమంది తప్పేది ఈ రెండో మెట్టు దగ్గరే. ‘సగం’ అన్నదీ అన్నిచోట్లా ఒకటి కాదు. అమెరికాలో కర్రకు సరిగ్గా సగం, బ్రిటన్‌లో మూడింట రెండు వంతుల ఎత్తు. సౌదీ జెండా మీద షహాదా (ఇస్లాం విశ్వాస వాక్యం) రాసి ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరు పోయినా దించరు. గోడకు వాలుగా బిగించిన కర్రల మీద జెండాను దించే వీలుండదు. అలాంటిచోట కొసకు నల్ల రిబ్బను కడతారు.

సంతాప దినాలు ఎన్నన్నది ప్రభుత్వం ప్రకటిస్తుంది. మాడ్రిడ్ రైళ్ళలో 2004 మార్చి 11న బాంబులు పేలినప్పుడు స్పెయిన్ మూడు రోజులు ప్రకటించింది. మార్చి 14న అక్కడ సార్వత్రిక ఎన్నికలు. ప్రచారం ఆపేశారు, పోలింగ్ మాత్రం సంతాపంలోనే జరిగింది.

మౌనం ఎంతసేపన్నది కూడా ఆ ఘటనను బట్టే. ఓక్లహోమా సిటీలో 1995 ఏప్రిల్ 19న ఉదయం 9:02కి బాంబు పేలి 168 మంది పోయారు. అక్కడ ఏటా 168 సెకన్లు మౌనం పాటిస్తారు. న్యూయార్క్‌లో ఒకే ఉదయం ఆరుసార్లు: 8:46, 9:03, 9:37, 9:59, 10:03, 10:28. నాలుగు విమానాలు కూలిన వేళలు, రెండు టవర్లు పడిపోయిన వేళలు అవి.

నిర్వహించేవాళ్ళకు ఒక మాట. మౌనం మొదలుకు ఎంత స్పష్టమైన సంకేతం ఉంటుందో ముగింపుకూ అంతే ఉండాలి. గంట కొట్టి మొదలుపెట్టి, గంట లేకుండా వదిలేస్తే ఒకరు దగ్గుతారు, ఒకరు చప్పట్లు కొడతారు, అంతటితో అది చెదిరిపోతుంది.

పాతకట్ట:
పూల సంగతి. పూలగుట్టకు మొదటి శత్రువు ప్లాస్టిక్ కవరు. బొకే చుట్టూ ఉన్న ఆ పొరలో నీళ్ళు నిలిచి రెండు మూడు రోజుల్లో కింది వరస కుళ్ళిపోతుంది, దానితోపాటు కవరుకు గుచ్చిన చీటీ కూడా. రెండో శత్రువు కొవ్వొత్తి. ఎండిన పూలు, కాగితాలు, మైనం ఒకచోట చేరితే నిప్పుకు ఇంకేం కావాలి?

పద్ధతిగా చేసేచోట పని ఇలా సాగుతుంది. తీసే తేదీ ముందే ప్రకటిస్తారు, కుటుంబాలకు విడిగా చెప్తారు. ఏది ఎక్కడ ఉందో తెలిసేలా మొత్తం స్థలాన్ని గళ్ళుగా విభజించి ఫొటోలు తీస్తారు. అప్పుడు చేత్తో విడదీస్తారు: కవర్లు, రిబ్బన్లు ఒక పక్క, పూలు ఒక పక్క, రాత ఉన్న ప్రతి కాగితమూ ఇంకో పక్క. పూలు ఎరువుగా మారతాయి. తడిసి అతుక్కున్న కాగితాలను బలవంతంగా లాగకూడదు. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది, కాబట్టి ఆరబెట్టే తీరిక లేకపోతే అలాగే గడ్డకట్టించి తర్వాత ఒక్కొక్కటిగా తీస్తారు. గుడ్డ బొమ్మల్లో పురుగులు ఉంటాయి, అవి భద్రపరిచే గదిలోకి చేరితే పాత దస్తావేజులన్నిటికీ ముప్పు. అందుకే బొమ్మల్ని కూడా ముందు మైనస్ 20 డిగ్రీల దగ్గర వారమో పై చిలుకో ఉంచి అప్పుడు లోపలికి తెస్తారు. స్కెచ్ పెన్ రాత వెలుతురుకు వెలిసిపోతుంది, దాన్ని మొదట స్కాన్ చేయాలి.

మాంచెస్టర్‌లో 2017 మే 22 దాడిలో 22 మంది పోయారు. అక్కడ జనం వదిలినవాటిలో 10,000కు పైగా వస్తువులు ఇప్పుడు ఆర్కైవ్‌లో ఉన్నాయి. నార్వే జాతీయ ఆర్కైవ్స్ కూడా 2011 దాడుల తర్వాత ఓస్లోలో ఇలాగే సేకరించింది.

మాడ్రిడ్‌లోని అటోచా రైల్వే స్టేషన్ ఉదాహరణ చాలామందికి తెలియదు. కొవ్వొత్తులు తీసేయమని అక్కడ అడిగింది స్టేషన్ సిబ్బందే. ప్రయాణికుడు ఒకసారి చూసి వెళ్ళిపోతాడు, సిబ్బంది రోజూ ఎనిమిది గంటలు ఆ పొగలో, ఆ జ్ఞాపకంలో ఉండాలి. 2004 జూన్‌లో కొవ్వొత్తుల స్థానంలో సందేశాలు టైప్ చేసే తెరలు పెట్టారు. వాటిముందు మనసు విప్పడం కొవ్వొత్తి వెలిగించినంత తేలిక కాదని నా అభిప్రాయం, కానీ సిబ్బందిని తప్పుపట్టలేం.

పిట్టగోడ:
పేర్ల దగ్గరే అసలు పేచీ అంతా. అక్షరక్రమం తేలిక, పక్షపాతం లేదు, వెతుక్కోవడమూ సులువు. అయితే ఒకే ఇంటిపేరు లేని భార్యాభర్తలు ఎక్కడెక్కడో పడతారు, పక్కపక్క బల్లల దగ్గర పనిచేసినవాళ్ళు విడిపోతారు.

న్యూయార్క్‌లో మొత్తం 2,983 పేర్లు. 2001 దాడులవి 2,977, అదే చోట 1993 ఫిబ్రవరి 26న పేలిన బాంబుకు బలైనవాళ్ళవి 6. ముందు ఎక్కడ ఉన్నారన్నదాన్ని బట్టి గుంపులు చేశారు: ఏ టవరు, ఏ విమానం, పెంటగాన్, సహాయానికి వెళ్ళినవాళ్ళు. తర్వాత ‘మావాడి పేరు పక్కన ఫలానావారి పేరు ఉండాలి’ అని కుటుంబాల దగ్గర కోరికలు తీసుకున్నారు. 1,200 పైగా వచ్చాయి. ఒకరికి ఇద్దరు పక్కవాళ్ళు, వాళ్ళకు మరో ఇద్దరు, పైగా పొడుగు పేర్లు, పొట్టి పేర్లు, పలక అంచుకు సరిపోవాలి. దీన్ని కంప్యూటర్‌తో చేయించి, మిగిలింది చేత్తో సర్దారు. దీనికి చెల్లించిన మూల్యం ఒకటుంది: పేరు తెలిసినా చోటు తెలియదు. టవర్లు ఉన్నచోట ఇప్పుడు ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి కొలనులున్నాయి, పేర్లు వాటి చుట్టూనే. అందుకే ప్రతి పేరుకూ ఏ కొలనో చెప్పే ఎన్ లేదా ఎస్ అక్షరం, దాని పక్కన పలక సంఖ్య ఇచ్చి వెతికే పట్టిక పెట్టారు.

ఆ పేర్లు పైపైన చెక్కినవి కావు. కొలను చుట్టూ ఉన్న కంచు పిట్టగోడలో అక్షరాన్ని ఆరపార కోశారు. రాత్రి లోపలి నుంచి వెలుగు వస్తుంది. అక్షరం సందులో పువ్వు కాడ దూరుతుంది. పుట్టినరోజు ఉన్నవాళ్ళ పేర్లలో ఆ ఉదయం తెల్లగులాబీ గుచ్చుతారు.

వేరే దారులూ ఉన్నాయి. పెంటగాన్ దగ్గర 184 బల్లలను పుట్టిన సంవత్సరం ప్రకారం వేశారు, 3 ఏళ్ళ పాప నుంచి 71 ఏళ్ళ పెద్దాయన దాకా. బల్ల ఎటు తిరిగి ఉందో చూస్తే ఆ మనిషి విమానంలో ఉన్నారా భవనంలో ఉన్నారా తెలుస్తుంది. ఓక్లహోమాలో 168 ఖాళీ కుర్చీలు, తొమ్మిది అంతస్తులకు తొమ్మిది వరసలు, వాటిలో 19 చిన్నవి, పిల్లలవి.

తెల్లకాగితం:
చాలా థాంక్సండీ. పిట్టగోడ గారూ, జాబితాలో ఎవరు ఉండాలన్నదానికి గొడవలు రావా? తర్వాత చనిపోయినవాళ్ళు, కడుపులో బిడ్డలు?

పిట్టగోడ:
రాకేం. కడుపులో బిడ్డతో పోయిన తల్లుల పేర్ల వెంట న్యూయార్క్‌లో ‘ఆమె పుట్టని బిడ్డ’ అని చేర్చారు, అలాంటివి పదకొండు ఉన్నాయి. శిథిలాల దుమ్ము పీల్చి ఏళ్ళ తర్వాత పోయిన సహాయ సిబ్బంది సంగతి కష్టం, ఎందుకంటే ఆ లెక్కకు చివర లేదు. వాళ్ళ కోసం 2019లో అదే ఆవరణలో పేర్లు లేకుండా ఆరు పెద్ద రాళ్ళతో విడిగా ఒక చోటు చేశారు. మాడ్రిడ్ రెటీరో పార్కులో 192 చెట్లు నాటారు, 22 ఆలివ్, 170 సైప్రస్. అందులో ఒకటి రైళ్ళలో పోయినవాళ్ళది కాదు. కొన్ని వారాల తర్వాత నిందితులు తమను తాము పేల్చుకున్నప్పుడు చనిపోయిన పోలీసుది.

తాపీపని:
కట్టాక ఏం చెడుతుందన్నదానికి మాడ్రిడ్డే పాఠం. అటోచా దగ్గర 11 మీటర్ల గాజు గోపురం కట్టి, లోపల సంతాప సందేశాలు అచ్చేసిన పల్చటి ప్లాస్టిక్ పొర వేలాడదీశారు. ఆ పొర గాలి ఒత్తిడి మీదే నిలబడాలి. గాలి తగ్గిందంటే బుడగలా కూలబడుతుంది, అలా ఒకసారి కాదు, పదేపదే జరిగింది. చివరికి మొత్తం విప్పేశారు. నిరంతరం మోటారు తిరిగితేనే నిలబడే స్మారకం వద్దే వద్దు. అంత భారం ఎత్తుకుంటే ఏటా దాని ఖర్చు ఎవరు పెట్టుకుంటారో పునాది వేసేముందే కాగితం మీద ఉండాలి. రాయి, కంచు, స్టీలు తక్కువ మాట్లాడతాయి గానీ ఎక్కువ కాలం ఉంటాయి. లండన్ హైడ్ పార్కులో 2005 జూలై 7 దాడుల్లో పోయిన 52 మందికి 52 స్టీలు స్తంభాలు, ఒక్కోటీ 3.5 మీటర్లు, దాడి జరిగిన నాలుగు చోట్లకు నాలుగు గుంపులు. 2009లో తెరిచారు, మోటారు గోల లేదు.

రెండో రకం చెడిపోవడం మనుషులతో వస్తుంది. నార్వేలో 2011 జూలై 22న 77 మంది పోయారు, 8 మంది ఓస్లోలో, 69 మంది ఉటోయా ద్వీపంలో. ఎదురుగా ఉన్న కొండచరియను 3.5 మీటర్ల వెడల్పున నిలువునా కోసేసే డిజైన్ 2014లో ఎంపికైంది. చూడటానికి గొప్ప ఆలోచన. కానీ ఆ ఒడ్డునుంచే పడవలు వేసుకెళ్ళి పిల్లల్ని కాపాడి తెచ్చినవాళ్ళు అక్కడే కాపురం ఉంటున్నారు. రోజూ కిటికీలోంచి ఆ గాయాన్ని చూడలేమని కోర్టుకెక్కారు, 2017లో ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. చివరికి 77 కంచు స్తంభాలతో రేవు దగ్గర వేరే స్మారకం 2022లో తెరుచుకుంది. డిజైన్ పోటీ పెట్టేముందే ఆ వీధివాళ్ళతో కూర్చుని ఉంటే కొన్నేళ్ళు మిగిలేవి.

గంటస్తంభం:
తాపీపని గారి మాటకు ఒక చేర్పు. ఏటా వెలిగించే దీపాలకీ సమస్యలున్నాయి. న్యూయార్క్‌లో సెప్టెంబర్ 11 రాత్రి 88 సెర్చ్‌లైట్లతో ఆకాశంలోకి రెండు వెలుతురు స్తంభాలు నిలబెడతారు. అది వలస పక్షుల కాలం. పక్షులు ఆ వెలుగులో చిక్కి తిరుగుతూ అలసిపోతాయి. అందుకని కింద వలంటీర్లు లెక్కపెడుతూ ఉంటారు, వెయ్యి దాటాయంటే 20 నిమిషాలు దీపాలు ఆర్పేస్తారు.

పేర్లు చదివే కార్యక్రమం గురించి కూడా: ఒక్కో పేరుకు 4 సెకన్లు అనుకున్నా 2,983 పేర్లకు 3 గంటల 18 నిమిషాలు దాటుతుంది. ఇద్దరిద్దరు కుటుంబ సభ్యులు మార్చి మార్చి చదువుతారు. 2012 నుంచి అక్కడ రాజకీయ నాయకులకు ప్రసంగం లేదు, వచ్చి నిలబడటమే.

పాతకట్ట:
ఒకటి ఎవరూ ముట్టుకోలేదు. మృతుల్ని ఏ దేశం తనవాళ్ళనుకుంటుంది? 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా 182 విమానం ఐర్లాండ్ తీరం దగ్గర సముద్రం మీద ఎగురుతుండగా బాంబు పేలి 329 మంది పోయారు. అందులో 268 మంది కెనడా పౌరులు. కెనడా ప్రధాని మాత్రం భారత ప్రధానికి ఫోన్ చేసి సానుభూతి చెప్పారు. మరుసటి ఏడే అహకిస్టా అనే ఐరిష్ పల్లె ఒడ్డున సూర్యగడియారంతో స్మారకం లేచింది. కెనడాలో జూన్ 23ను జాతీయ స్మృతిదినంగా ప్రకటించడానికి 2005 దాకా పట్టింది, టొరంటో, వాంకూవర్ స్మారకాలు 2007లో వచ్చాయి, ప్రభుత్వ క్షమాపణ 2010లో. అప్పటికి పాతికేళ్ళు.

తెల్లకాగితం:
ఇది నాకు అస్సలు తెలియదు. సూర్యగడియారం ఎందుకు పెట్టారో చదువుతాను. పూల చీటీలను గళ్ళుగా ఫొటో తీసే పద్ధతి గురించి పాతకట్ట గారూ ఇంకొంచెం రాస్తారా? ఒక్కో గడి ఎంత ఉండాలి?

పాతకట్ట:
మీటరుకు మీటరు సరిపోతుంది. మూలల్లో సుద్దగీత, గడిలో ఒక అంకె రాసిన చీటీ. పైనుంచి నిలువుగా ఒక ఫొటో, పక్కనుంచి ఒకటి. తీసిన ప్రతి సంచి మీదా అదే గడి అంకె, తేదీ పెన్సిల్‌తో రాయండి. పెన్నుతో రాస్తే తడికి కారిపోతుంది.