బ్లూటూత్ మాటిమాటికీ మాయమవుతోంది, డ్రైవర్ గొడవేనా?

రాత్రిపక్షి:
లైనక్స్ లాప్‌టాప్‌లో మీటింగ్ నడుస్తుండగా హెడ్‌సెట్ టక్కున ఆగిపోతోంది. పాట ఆపి కాసేపటికి మళ్ళీ ప్లే కొడితే మరీ ఎక్కువ. సెట్టింగ్స్‌లో చూస్తే ఒక్కోసారి బ్లూటూత్ ఆప్షనే ఉండదు, కొన్ని సెకన్లకు దానంతటదే వస్తుంది. అదే హెడ్‌సెట్ ఫోన్‌తో భేషుగ్గా పనిచేస్తోంది. సర్వీస్ రీస్టార్ట్ చేయడం, పెయిరింగ్ తీసేసి మళ్ళీ కలపడం అన్నీ అయ్యాయి. ఓఎస్ మళ్ళీ ఎక్కించాల్సిందేనా?

టెర్మినల్ తాత:
ఓఎస్ జోలికి పోకండి. ఆప్షనే మాయమవుతోందంటే పడిపోతున్నది హెడ్‌సెట్ కాదు, లాప్‌టాప్ లోపలి బ్లూటూత్ అడాప్టర్. వైఫై, బ్లూటూత్ ఒకే కార్డు మీద ఉన్నా చాలా లాప్‌టాప్‌లలో వైఫై పీసీఐఈ అనే లోపలి కనెక్షన్ మీద, బ్లూటూత్ లోపలి యూఎస్‌బీ మీద నడుస్తాయి, అందుకే నెట్ బాగానే ఉండి ఇదొక్కటే పోతుంది. ఒక టెర్మినల్‌లో డీమెసెజ్ (కెర్నల్, అంటే ఓఎస్ గుండెకాయ, ఇచ్చే సందేశాలు చూపే కమాండ్) డబ్ల్యూ ఆప్షన్‌తో, ఇంకోదాంట్లో యూడెవ్‌ఏడీఎం మానిటర్ (పరికరాలు తగిలినా ఊడినా చూపే కమాండ్) నడుపుతూ ఉంచండి. ఆగిన క్షణంలో 'రిమూవ్', వెంటనే 'యాడ్' పడితే పరికరం యూఎస్‌బీ నుంచి ఊడి మళ్ళీ తగులుకుంటున్నట్టు. అక్కడ ఏమీ పడకుండా సౌండ్ మాత్రమే ఆగితే కథ వేరు, సౌండ్ చూసుకునే పైప్‌వైర్ వైపు చూడాలి.

రాత్రిపక్షి:
'హెచ్‌సీఐ0 కమాండ్ టీఎక్స్ టైమౌట్' అని వచ్చింది, దాని కిందే 'యూఎస్‌బీ డిస్‌కనెక్ట్', యూడెవ్‌లో రిమూవ్, యాడ్ రెండూ. ఛార్జర్ పెట్టి ఉంటే మాత్రం రావట్లేదండీ.

టెర్మినల్ తాత:
ఈ ఛార్జర్ ముక్క ముందే చెప్పొద్దూ! పవర్ సేవింగ్ మీదే నా అనుమానమంతా. ఆటోసస్పెండ్ (పరికరాన్ని దానంతటదే నిద్రపుచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే, పని లేని యూఎస్‌బీ పరికరాన్ని కెర్నల్ మామూలుగా 2 సెకన్లకే నిద్రపుచ్చుతుంది, కొన్ని చిప్‌లు లేపితే సరిగా లేవవు. డ్రైవర్ సెట్టింగ్స్ ఉండే మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లో ఒక కాన్ఫ్ ఫైల్ పెట్టి, బీటీయూఎస్‌బీ అనే బ్లూటూత్ డ్రైవర్ మాడ్యూల్‌కి ఎనేబుల్_ఆటోసస్పెండ్=0 ఇవ్వండి. టీఎల్‌పీ (బ్యాటరీ ఆదా చేసే టూల్) వాడుతుంటే అందులో యూఎస్‌బీ_ఎక్స్‌క్లూడ్_బీటీయూఎస్‌బీ=1 కూడా. బ్యాటరీ కాస్త ఎక్కువ తింటుంది, అంతే.

పెంగ్విన్‌పిల్ల:
లైనక్స్ ఫర్మ్‌వేర్ (చిప్‌ల లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ప్యాకేజీ కూడా అప్‌డేట్ చేసి, రీబూట్ కాకుండా పూర్తిగా షట్‌డౌన్ చేసి ఆన్ చేయండి. రీబూట్‌లో చిప్‌కి కరెంటు పోకపోతే పాత ఫర్మ్‌వేరే అందులో ఉండిపోవచ్చు. కెర్నల్ అప్‌డేట్ అయినప్పటి నుంచే మొదలైందనుకుంటే ఆన్ చేయగానే వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుని చూడండి, తేలిపోతుంది.

రాత్రిపక్షి:
ఆటోసస్పెండ్ ఆపేశాక ఛార్జర్ తీసేసినా డీమెసెజ్‌లో చడీచప్పుడు లేదు, థాంక్సండీ ఇద్దరికీ. బయటి హార్డ్ డిస్క్ పెట్టినప్పుడు మాత్రం ఆడియో ముక్కలుముక్కలుగా వస్తోంది.

పెంగ్విన్‌పిల్ల:
అది డ్రైవర్ పని కాదు. యూఎస్‌బీ 3.0 నుంచి 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద వస్తుంది, బ్లూటూత్ నడిచేదీ అక్కడే. డిస్క్‌ని అవతలి వైపు పోర్టుకి మార్చి, కేబుల్ కొంచెం దూరం జరిపి చూడండి.