ల్యూట్జెన్ (1632) టేబుల్ మీద ఆడుతున్నాం, నాలుగో టర్ను దాటట్లేదు. ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో మేం ఐదుగురం, వీలైన ఆదివారాల్లో చిన్న బొమ్మలతో టేబుల్ మీద పాత యుద్ధాలు ఆడుతుంటాం. ఇన్నాళ్లూ నెపోలియన్ కాలమే. ఈసారి పొడవాటి బల్లేలూ మస్కెట్ తుపాకులూ కలిసి నడిచిన రోజులకు వెళ్దామని యూరప్‌లో జరిగిన ముప్పై ఏళ్ల యుద్ధంలోంచి ల్యూట్జెన్ ఎంచుకున్నాం. లైప్‌జిగ్ దగ్గర, 1632 నవంబర్ 16, ఇటు స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్, అటు పవిత్ర రోమన్ చక్రవర్తి సేనాని వాలెన్‌స్టైన్. మొన్న పొద్దున కూర్చుంటే ఆరు గంటల్లో నాలుగు టర్నులే అయ్యాయి, అందులోనూ సగం సేపు గొడవే.

ఒక్కో దళంలో బల్లెంవాళ్లను వేరుగా, తుపాకీవాళ్లను వేరుగా జరుపుతున్నాం, అక్కడే టైమంతా పోతోంది. రెండోది, కథ అందరికీ తెలుసు. వాలెన్‌స్టైన్ కింది సేనాని పాపెన్‌హైమ్ గుర్రాలతో మధ్యాహ్నానికి దిగుతాడని తెలిసి స్వీడన్ ఆడే మా బావ మొదటి టర్ను నుంచే ఆయన కోసం ఒక మూల కాపు పెట్టాడు, రాజుగారినేమో అందరికన్నా వెనక దాచేశాడు. ఇక ఆ రోజు పొగమంచు కదా, దాన్ని ఎలా చూపించాలో అసలు తెలియట్లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు:
బాబూ, ముందు ఆ విడివిడిగా జరపడం ఆపేయండి. మీరు ఆడుతున్నది మొత్తం సైన్యాన్ని. స్వీడన్ వైపే దాదాపు 19,000 మంది, మొదటి వరుసలో నాలుగు బ్రిగేడ్లు (పెద్ద కాలిబంటు దళాలు), రెండో వరుసలో నాలుగు. ఒక బ్రిగేడ్ అంటే ఒకే బేస్ (బొమ్మలు అంటించే పలక), అంతే. మధ్యలో బల్లేలు, రెండు పక్కలా తుపాకులు అంటించేసి ఇక ముట్టుకోకండి. లోపల ఎవరు ముందుకొచ్చారు, ఎవరు బల్లేల చాటుకి వెళ్లారు అన్నది ఆ బ్రిగేడ్ అధికారి తలనొప్పి, మీరు రాజు కుర్చీలో ఉన్నారు.

ఎన్ని బొమ్మలు అంటించాలంటే, కాగితం లెక్కన బ్రిగేడ్‌లో భాగమైన స్వీడిష్ స్క్వాడ్రన్‌లో 504 మంది, అందులో 216 బల్లేలు, 288 తుపాకులు. అంటే ఏడు బొమ్మల్లో మూడు బల్లేలు, నాలుగు తుపాకులు. అంతకన్నా సూక్ష్మంగా వెళ్లకండి, ఎందుకంటే యుద్ధరంగంలో ఆ లెక్క ఎప్పుడూ నిలవలేదు.

టేబుల్ ఎంత ఉంది మీది? ఆరడుగులకు నాలుగడుగులైతే ఒక సెంటీమీటరుకి 20 మీటర్లు పెట్టుకోండి, మొత్తం మైదానం సరిపోతుంది. అప్పుడు మస్కెట్ దెబ్బ తగిలే దూరం, 100 మీటర్లు అనుకున్నా, ఐదు సెంటీమీటర్లే. నెపోలియన్ ఆట అలవాటున్నవాళ్లకి ఇది మరీ తక్కువ అనిపిస్తుంది, పెంచాలనిపిస్తుంది. పెంచొద్దు. పెంచితే అందరూ దూరం నుంచే కాల్చుకుంటూ కూర్చుంటారు, బల్లేలకి పనే ఉండదు. అన్నట్టు స్వీడన్‌వాళ్లు మూడు వరుసలు ఒకేసారి పేల్చి మీద పడేవాళ్లు, కాబట్టి దళానికి ఒక్కసారి రెట్టింపు పాచికలు ఇవ్వండి, ఆ తర్వాతి టర్ను కాల్పులు ఉండవు. ఎప్పుడు వాడాలా అని మీ బావ గోళ్లు కొరుక్కుంటాడు.

ఇంకో జవాబు:
అన్నా, బల్లేల సంగతి నేను చెప్తా. బొమ్మలతో పాటు వచ్చే ప్లాస్టిక్‌వి రెండు ఆటలకే వంగిపోతాయి. నేను కొబ్బరి ఈనెలు వాడుతున్నా, కొత్త చీపురు కొని సన్నవి ఏరుకుని. అసలు బల్లెం ఐదు మీటర్ల దాకా ఉండేది, అంటే బొమ్మ ఎత్తుకి ఇంచుమించు మూడింతలు, ఆ లెక్కన కోసి మొదలు వైపు బొమ్మ చేతిలోకి దూర్చి ఫెవిక్విక్ వేస్తే చాలు. స్టీలు తీగ పెట్టొచ్చు గానీ టేబుల్ మీదకి వంగినప్పుడు మోచేతికి గుచ్చుకుంటుంది, ఇంట్లో పిల్లలుంటే అసలు వద్దు. బేస్ వెనక దళం పేరు రాసుకో, పసుపు బ్రిగేడ్, నీలం బ్రిగేడ్ అని, లేకపోతే మూడో గంటకి ఎవరిది ఏదో తెలియక మళ్లీ గొడవ.

మొదట జవాబిచ్చినాయన:
పొగమంచు గురించి రాయడం మరిచాను. దాన్ని అలంకారం అనుకోకండి, ఆ రోజు సగం కథ అదే. పొద్దున మంచు తొలగక పోరు దాదాపు పదకొండుకి గానీ మొదలవలేదు, నవంబర్‌లో అక్కడ సాయంత్రం తొందరగా చీకటి పడుతుంది. అందుకని టర్నుకి అరగంట చొప్పున పన్నెండు టర్నులు, అంతకు మించి ఆడనివ్వొద్దు. దూరంగా ఉన్న దళాలకి బొమ్మలు పెట్టకుండా పేకముక్కలు బోర్లా పెట్టండి, ప్రతి మూడింటికీ ఒక ఉత్తుత్తి ముక్క కలపండి. శత్రువు 20 సెంటీమీటర్లలోకి వస్తేనే ముక్క తిప్పాలి. నాలుగో టర్నుకి మంచు మళ్లీ దిగుతుంది, అప్పుడు ఆ దూరం పదికి తగ్గించండి. గుర్రపు దళం కదిలేముందు పాచిక వేసి ఒకటి పడితే దారి తప్పి ఎడమకో కుడికో జారాలి.

పాపెన్‌హైమ్‌కి టైము ముందే కట్టేస్తే మీ బావ కాపు కాస్తాడు మరి. రెండో టర్నులో ఆరు పడితే వస్తాడు, మూడో దాంట్లో ఐదు లేదా ఆరు, అలా టర్ను టర్నుకీ సులువు చేయండి. ఉత్తరపు అంచున ఎక్కడ దిగుతాడన్నది వాలెన్‌స్టైన్ ఆడేవాడు ముందే చీటీ రాసి గ్లాసు కింద పెట్టాలి. అసలు వాలెన్‌స్టైన్ కూడా ఆయన్ని హాలె ఊరి వైపు పంపేసి, స్వీడన్‌వాళ్లు మీదకొస్తున్నారని తెలిశాక అన్నీ వదిలేసి రమ్మని ఉత్తరం రాశాడు. రక్తపు మరకలతో ఆ ఉత్తరం ఇప్పటికీ వియన్నా సైనిక మ్యూజియంలో ఉంది. పాపెన్‌హైమ్ కాలిబంట్లు చీకటిపడ్డాకే చేరారు, కాబట్టి వాళ్లని ఆటలో పెట్టకండి.

మూడో జవాబు:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ రాజు సంగతి ఎవరూ చెప్పలేదే. ఏడో టర్నులో రాజు చనిపోవాలి అని రూలు పెట్టేస్తే సరిపోతుంది కదా, చరిత్రలో జరిగింది అదేగా.

మొదట జవాబిచ్చినాయన:
నేను ఒప్పుకోనండి. చావు తేదీ తెలిశాక ఆ బొమ్మతో ఎవరైనా ఏం చేస్తారు, ఆరో టర్ను దాకా పిచ్చిగా వాడేస్తారు. గుస్తావ్‌కి చూపు ఆనేది కాదు, పాత తుపాకీ గాయం వల్ల ఇనుప కవచం వేసుకోక దుప్పితోలు కోటుతోనే తిరిగేవాడు, మంచులో తన గుర్రపు దళంతో వెళ్లి శత్రువుల మధ్యలో పడ్డాడు. ఆ ప్రమాదం ఆటగాడే కోరి తెచ్చుకోవాలి. రాజు ఉన్న దళానికి పోరులో ఒక పాచిక అదనం, వెనక కూర్చుంటే ఏమీ లేదు. పోరులో ఉన్న ప్రతిసారీ రెండు పాచికలు వేయాలి, రెండిటి మీదా ఒకటి అంకె పడితే రాజు పడిపోయినట్టు, మంచులో అయితే రెండూ కలిపి మూడు వచ్చినా పడిపోయినట్టే.

పడిపోతే సైన్యం చెదిరిపోతుందని మాత్రం రాసుకోకండి. ఆ రోజు అలా జరగలేదు. స్వీడన్ వైపు సేనాని బెర్న్‌హార్డ్ పగ్గాలు పట్టాడు, రెండో వరుస ఇంకో సేనాని క్నిప్‌హౌసెన్ చేతిలో చెక్కుచెదరకుండా ఉంది, సాయంత్రానికి ల్యూట్జెన్ ఊరి పక్క గాలిమరల గుట్ట మీది ఫిరంగులు స్వీడన్ చేతికే వచ్చాయి. ఒక టర్ను స్వీడన్ దళాలన్నీ ఆగిపోవాలి, తర్వాత మామూలే. గెలుపు కూడా ఆ గుట్ట మీదే లెక్కపెట్టండి, చచ్చిన బొమ్మల మీద కాదు.

ప్రశ్న అడిగినాయన (రెండు వారాల తర్వాత):
అందరికీ థాంక్స్ అండీ. నాలుగున్నర గంటల్లో పన్నెండు టర్నులూ అయ్యాయి! పాపెన్‌హైమ్ ఐదో టర్ను దాకా రాలేదు, వాలెన్‌స్టైన్ ఆడేవాడికి చెమటలు పట్టాయి. గ్లాసు కింద చీటీలో ఉన్నది మా బావ అసలు కాపే పెట్టని చోటు. రాజును దాచలేక ముందుకి తెచ్చాడు, రెండుసార్లు బతికిపోయి మూడోసారి మంచులో ఒకటీ రెండూ పడ్డాయి. అయినా గుట్ట తీసుకున్నాడు, పదకొండో టర్నులో, పసుపు బ్రిగేడ్ మొత్తం పోగొట్టుకుని. ఒక్క సందేహం మిగిలింది. గుర్రపు దళాల మధ్యలో నిలబెట్టే విడి తుపాకీవాళ్లని గుర్రాల బేస్ మీదే అంటించాలా, వేరే బేస్ పెట్టాలా?

మొదట జవాబిచ్చినాయన:
వేరే చిన్న బేస్ పెట్టి గుర్రాలకి ఆనించండి. ఆనుకున్నంతసేపూ గుర్రాలకి కాల్పులు వస్తాయి, కానీ నడిచేవాళ్ల వేగమే ఉంటుంది. దౌడు తీయాలంటే వాళ్లని అక్కడే వదిలేయాలి.